తప్పుల మాస్టారి పొడుగు పుస్తకం

కొందరు తపాలా బిళ్ళలు పోగుచేస్తారు. కొందరు పాత నాణేలు పోగుచేస్తారు. కంప్యూటర్ మాస్టారికి తప్పులు పోగుచేసే పిచ్చి. తన తప్పులు, క్లాసులో వాళ్ళ తప్పులు, దారినపోయేవాళ్ళ తప్పులు, ఏవైనా సరే, కంటబడితే వదిలేవారు కాదు. అందుకోసం ఒక పొడుగు పుస్తకం పెట్టుకున్నారు. దాని అట్ట ఎప్పుడో ఊడిపోతే గోధుమరంగు కాగితం అంటించారు, దారం కట్టి ఒక పెన్సిల్ వేలాడదీశారు. ఆ పుస్తకం చంకలో లేకుండా ఆయన గడప దాటగా చూసినవాళ్ళు లేరు. తప్పుల మాస్టారని పేరు కూడా పడిపోయింది.

ఎవరైనా తప్పు చేస్తే మిగతా మాస్టార్లకు కళ్ళు ఎర్రబడతాయి. ఈయనకు మెరుస్తాయి. "ఆగండాగండి! ఎవరూ ముట్టుకోకండి! దాన్నలాగే ఉంచండి!" అంటూ కుర్చీలోంచి లేచి పరిగెత్తుకొచ్చేవారు. తెర ముందు వంగి, ముక్కు దాదాపు అద్దానికి ఆనించి, తొడ మీద చరుచుకుని, "ఆహా! ఇరవై రెండేళ్ళ నుంచి చెబుతున్నాను, ఇలాంటిది చూళ్ళేదండీ!" అనేవారు. తర్వాత పుస్తకం తెరిచి, ఎడమచేయి గోడలా అడ్డం పెట్టుకుని గబగబా ఏదో రాసుకునేవారు. ఆ పేజీలు ఎవరికీ చూపించేవారు కాదు. "ఒక్కసారి చూపించండి మాస్టారూ" అని బతిమాలితే, "మీ బీరువా తాళాలు నేనడిగానా?" అనేవారు.

కింద సైకిల్ రిపేరు షాపు. పక్కగా పద్దెనిమిది మెట్లెక్కితే ఆయన క్లాసు. అందులో ఎనిమిది కంప్యూటర్లు, రెండింటిని నెత్తిన ఒకటి తడితే గానీ లేవవు. పొద్దున ఆరున్నరకు మొదలై ఎనిమిదింటికి అయిపోవాలి, ఎందుకంటే వచ్చేవాళ్ళందరూ ఆ తర్వాత పనుల్లోకి పోయే పెద్దవాళ్ళే. రిటైరైన పోస్ట్‌మాన్ బాబాయి ఒక్కడికే తర్వాత పోవాల్సిన పని లేదు. "ఇన్నేళ్ళు ఉత్తరాలు మోశాను, ఇప్పుడవన్నీ ఏ దారిన పోతున్నాయో చూద్దామని వచ్చాను" అనేవాడాయన.

ఆ క్లాసులోకి ఒకరోజు టైలరక్క వచ్చి చేరింది. ఆవిడకు ముప్పై ఆరేళ్ళు. యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పదకొండేళ్ళుగా కటింగ్ పని. సుద్దతో గీత గీసిందంటే ఇక చెరపక్కర్లేదు, కత్తెర పెట్టిందంటే ఇక చూడక్కర్లేదు. పదకొండేళ్ళలో ఒక్క ముక్క పాడుచేసి ఎరగదు. అది ఆవిడ గొప్ప, అదే ఆవిడ జబ్బు కూడా.

మూడు నెలల్లో కటింగ్ మెషీను వస్తోందని, కొలతలు దానికి కంప్యూటరే చెబుతుందని, కత్తెర పట్టినవాళ్ళు వేరే దారి చూసుకోవాలని ఆ యజమాని తాపీగా చెప్పేశాడు. మిగతావాళ్ళు ఏడ్చారు, తిట్టారు. టైలరక్క మాత్రం, "మరి ఆ కంప్యూటరుకి కొలతలు ఎవరు చెబుతారండీ?" అని అడిగింది. యజమానికి తెలియదు. ఆ ప్రశ్న మాత్రం ఆవిడ బుర్రలో తొలుస్తూ కూర్చుంది. ఇంట్లో బస్సు డ్రైవరైన భర్త, అత్తగారు, బడికెళ్ళే ఇద్దరు ఆడపిల్లలు. ఒక్క జీతంతో ఆ ఇల్లు నడవదు. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు, దాంతోపాటు ఒక ఉద్యోగం దొరకాలి. అదీ మూడు నెలల్లో.

మొదటిరోజు మాస్టారు తెర మీద "నమస్కారం" అని వచ్చేలా ఒక్క లైను రాయమన్నారు. టైలరక్క రాసింది. రాసి, ఎంటర్ మీటకు అంగుళం ఎత్తున వేలు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఐదు నిమిషాలైంది, పదైంది. ఆ వేలు కిందికి దిగదు.

"నొక్కండమ్మా" అన్నారు మాస్టారు.

"తప్పుంటేనో?"

"ఉంటే నా అదృష్టం."

"పాడైపోతే మళ్ళీ అతుక్కుంటుందాండీ?"

ఆ మాట వినగానే మాస్టారు పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మీరేం పని చేస్తారమ్మా?"

"బట్ట కోస్తానండీ."

"అదీ సంగతి! ఇక్కడ బట్ట అయిపోదమ్మా. ఎన్నిసార్లు కోసినా తాను తానులాగే ఉంటుంది. నొక్కండి."

ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కింది. తెర నిండా ఎర్రటి అక్షరాలు వచ్చిపడ్డాయి. "అయ్యో! క్షమించండి మాస్టారూ, నావల్ల కాదు" అంటూ సంచీ భుజానికి తగిలించుకుని లేచిపోబోయింది.

"ఆగండాగండి! ఎవరూ ముట్టుకోకండి!" మాస్టారు అప్పటికే తొడ చరుచుకుంటున్నారు. "ఆహా! మొదట్లో కొటేషన్ గుర్తు పెట్టి చివర పెట్టడం మరిచిపోయారే! ఎందుకు మరిచిపోయారు? ఆ క్షణంలో ఏమనుకున్నారు?"

ఇలా అడిగేవాళ్ళు కూడా ఉంటారా అని ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. వెటకారం ఏమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆయనకు.

"చివర ముడి ఆ మెషీనే వేసుకుంటుందనుకున్నానండీ."

"ముడి! ఇలాంటిది ఇరవై రెండేళ్ళలో చూళ్ళేదు!" ఆయన లేచి ఆవిడతో చెయ్యి కలిపారు. పోస్ట్‌మాన్ బాబాయి చప్పట్లు కొట్టాడు. తప్పు చేసినందుకు చప్పట్లు కొట్టించుకున్న టైలరక్క, సంచీ తీసి మళ్ళీ బల్ల మీద పెట్టింది.

మాస్టారి పిచ్చి క్లాసుకే పరిమితం అనుకుంటే పొరపాటు. టీ కొట్టులో టీ చెబితే కాఫీ వచ్చిందనుకోండి, ఇంకొకరైతే చిరాకుపడతారు. ఈయన కొట్టతన్ని కూర్చోబెట్టి, "రెండు గిన్నెలూ పక్కపక్కన పెడతారా? ఒకే మూతలా? మీరు చూసి పోస్తారా, వాసన పట్టి పోస్తారా?" అని అరగంట విచారణ చేసేవారు. చివరికి ఆ కాఫీ చల్లారిపోయేది. దాన్నే సంతోషంగా తాగి వెళ్ళిపోయేవారు. మర్నాటి నుంచి ఆ కొట్లో టీ గిన్నెకు ఎర్ర గుడ్డ చుట్టారు. ఆ తర్వాత చాలా రోజులదాకా అక్కడ ఆ తప్పు జరగలేదట. మాస్టారికి మాత్రం కాస్త నిరాశ.

ఒకరోజు టైలరక్క భర్త ఇంటికొచ్చి చెప్పులు విసిరినంత పని చేశాడు.

"ఎవడో పిచ్చాయన తగిలాడే ఇవాళ! కూడలి దగ్గర కుడికి తిప్పాల్సింది, ఏ లోకంలో ఉన్నానో ఏమో ఎడమకి తిప్పేశాను. బస్సంతా గోల. నా తాతముత్తాతల్ని కూడా వదల్లేదు. ఇంతలో వెనక సీట్లోంచి ఒకాయన పుస్తకం పట్టుకుని వచ్చి, 'ఎడమకెందుకు తిప్పారండీ? ఆ క్షణంలో ఏమనుకున్నారు?' అంటాడు! పైగా ఇలాంటిది ఇంతవరకు చూళ్ళేదట!"

టైలరక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీరేం చెప్పారు?"

"ఏం చెప్పను? మన పాత ఇల్లు అటే కదా, చేయి దానంతటదే తిరిగిందన్నాను. వెంటనే నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ జనం కూడా నవ్వేసి ఊరుకున్నారు. ఎవడో గానీ, భలే మనిషి."

"ఆయన మా మాస్టారండీ."

"ఓరి నాయనో! ఆయనా నీకు చదువు చెప్పేది?"

అత్తగారు లోపల్నుంచి కేకేసింది. "అమ్మాయ్, కూరలో నేను రెండుసార్లు ఉప్పేశాను. ఆయనకేమన్నా పనికొస్తుందేమో కనుక్కో!"

శనివారం వస్తే క్లాసులో పాఠం ఉండేది కాదు. ఈ కంప్యూటర్ చదువుతో ఎన్ని రకాల పనులు చెయ్యొచ్చో చూపించడానికి మాస్టారు వారానికొకరిని పట్టుకొచ్చేవారు. జీతమెంత, పదవేమిటి అని ఆయన అడగరు. ఆయన అడిగేది ఒక్కటే: "మీరు చేసిన అన్నింటికంటే పెద్ద తప్పేది?" వచ్చినవాళ్ళు ముందు తెల్లబోయేవాళ్ళు, తర్వాత ఉత్సాహంగా చెప్పేవాళ్ళు. ఆసుపత్రిలో టోకెన్ నంబర్లు పిలిచే యంత్రానికి ప్రోగ్రాం రాసినాయన, అది మొదటిరోజు సున్నా నంబరును పిలిచిందని, సున్నా ఎవరో రాక హాలంతా గంటసేపు ఒకరి మొహాలొకరు చూసుకుందని చెప్పాడు. రైళ్ళ వేళలు చూపించే పనిలో ఉన్నావిడ, ఒక రైలు బయల్దేరకముందే చేరిపోయినట్టు చూపించానని చెప్పింది. మాస్టారు రెండుసార్లు ఆహా అన్నారు.

ఇంకో శనివారం టెస్టరు పని చేసే ఆవిడ వచ్చింది.

"మీ పనేంటమ్మా?" అని అడిగాడు పోస్ట్‌మాన్ బాబాయి.

"వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం బాబాయిగారూ."

"దానికి జీతమిస్తారా?"

"నెలనెలా ఇస్తారు."

మాస్టారు ఆవిడ వైపు చూసిన చూపులో ఎంత అసూయ ఉందంటే, క్లాసంతా నవ్వింది. టైలరక్క మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తింది. "వెతకడం ఎలాగండీ? తప్పు లోపలుంటే పైకి కనబడదు కదా."

"తిరగేసి చూడాలి. లాగి చూడాలి. ఎవరూ చేయని పని చేసి చూడాలి."

"కుట్టయ్యాక చొక్కా తిరగేసి, కుట్లు లాగి చూస్తామే, అలాగన్నమాట!"

"అచ్చంగా అలాగే" అంది టెస్టరు. ఆ రోజు వర్క్‌షాపులో టైలరక్క ప్రతి చొక్కానూ మామూలు కంటే ఇంకొంచెంసేపు తిరగేసి చూసింది.

ఇక ఆవిడ తప్పుల సంగతి. ఒకటి నుంచి పది దాకా టోకెన్లు వేయమని మాస్టారు లెక్కిచ్చారు. అందరి తెర మీదా పది వచ్చాయి. టైలరక్క తెర మీద పదకొండు.

"పదకొండెందుకమ్మా?"

"కుట్టులోకి పోతుంది కదండీ. అంచుకి ఒకటి వదిలాను."

క్లాసు గొల్లుమంది. మాస్టారు మాత్రం ఈసారి తొడ చరచలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "కుట్టులోకి..." అని తనలో తాను అనుకుంటూ, చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు రాసుకున్నారు. తర్వాత చూళ్ళేదు, చూళ్ళేదని మూడుసార్లు అన్నారు.

మిగతావాళ్ళకు వారానికో ఆహా పడితే, టైలరక్కకు వారానికి నాలుగు పడేవి. పోస్ట్‌మాన్ బాబాయి కుళ్ళుకునేవాడు కూడా. "నాకు నిన్నటికి నాలుగే. నీకెన్నమ్మా?" అని అడిగితే, ఆవిడ నవ్వి ఊరుకునేది. కానీ ఆ లెక్క మనసులో పెట్టుకుంటోందని ఎవరికీ తెలియదు.

చూస్తుండగానే గడువు దగ్గరపడింది. బట్టల కొలతలు తీసుకుని కటింగ్ మెషీన్లకు చెప్పే ప్రోగ్రాములు రాసే కంపెనీ ఒకటి టెస్టర్లను తీసుకుంటోందని మాస్టారే కబురు తెచ్చారు. ఆవిడ బుర్రలో తొలుస్తున్న ప్రశ్నకు జవాబు ఆ కంపెనీయే. శుక్రవారం పరీక్ష. బుధవారం పొద్దున అందరూ వెళ్ళిపోయాక టైలరక్క ఆయన బల్ల దగ్గరకొచ్చి నిలబడింది.

"నేను పరీక్షకు వెళ్ళనండీ."

"అదేంటమ్మా?"

"నా తప్పులు ఇప్పటికి నలభై ఆరు. నలభై ఆరింటికీ ఇలాంటిది చూళ్ళేదన్నారు మీరు. ఇరవై రెండేళ్ళలో ఇంతమందికి చెప్పారు కదా, ఒక్కళ్ళు కూడా చేయని తప్పులన్నీ నాకే ఎలా వస్తున్నాయండీ? నా బుర్రే ఇందుకు తయారవలేదేమో. బట్ట కోసుకునేదాన్ని, ఎందుకొచ్చిన గొడవ."

మాస్టారి చేతిలో పెన్సిల్ జారి దారానికి వేలాడింది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆయన పుస్తకం తెరవలేదని, టీ కొట్టులో కాఫీ ఇచ్చినా పట్టించుకోలేదని తర్వాత తెలిసింది.

గురువారం, ఇవ్వాల్సిన పుస్తకాలు ఇచ్చేసి వద్దామని ఆవిడ క్లాసుకు వెళ్ళేసరికి మాస్టారి కుడిచేతికి ఇంత లావు కట్టు.

"అయ్యయ్యో! ఏమైందండీ?"

"మెట్ల మీద పడ్డానమ్మా!" ఆయన మొహం వెలిగిపోతోంది. "మెట్లు పద్దెనిమిదే కదా, పంతొమ్మిదోది ఉందనుకుని కాలు వేశాను. రాసుకోవాలి, చెయ్యి లేదు. ఆ పుస్తకం తీసి కాస్త మీరు రాయండి."

ఆ పుస్తకం ఇంకొకరి చేతికి ఇవ్వడమే! టైలరక్క చేతులు తుడుచుకుని అందుకుంది. "ఎక్కడ రాయాలండీ?"

"మీ టోకెన్ల తప్పు ఉందే, ఆ పేజీలోనే. అదీ ఇదీ ఒక్కటే జాతి."

ఆవిడ పేజీ తీసింది. పైన "ఒకటి ఎక్కువ లెక్కపెట్టడం" అని ఉంది. దాని కింద గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. అలా పేజీ నిండింది, పక్క పేజీ నిండింది, చోటు చాలక ఇంకో కాగితం అంటించారు. వందల మంది. ఆవిడ గబగబా వెనక్కి తిప్పింది. "చివరి కొటేషన్ మరచిపోవడం." ఆరు పేజీల గీతలు!

"మాస్టారూ! ఇలాంటిది ఇరవై రెండేళ్ళలో చూళ్ళేదన్నారు!"

"అన్నానా?"

"అన్నారు. చెయ్యి కూడా కలిపారు. ఇది అబద్ధం కాదాండీ?"

మాస్టారు జామకాయ దొంగిలించి దొరికిపోయిన కుర్రాడిలా కట్టు వంక చూసుకున్నారు. "గీతల పక్కన కూడా చదవండమ్మా" అన్నారు.

ప్రతి గీత పక్కనా చిన్న అక్షరాల్లో కారణం రాసి ఉంది. ఒకాయన ఒకటి ఎక్కువ లెక్కపెట్టాడు, ఎందుకంటే ఇంట్లో ఎప్పుడూ అతిథికి ఒక కంచం ఎక్కువ పెట్టేవాళ్ళు. ఒక నర్సు లెక్కపెట్టింది, ఎందుకంటే ఒక సూది ఎప్పుడూ అదనంగా ఉంచుకోవాలి. చివర్న: "టైలరమ్మ. కుట్టులోకి పోతుందని అంచు వదిలింది. ఎంత జాగ్రత్త!" మరో పేజీలో దారి తప్పినవాళ్ళ జాబితా. అందులో ఒక బస్సు డ్రైవరు: "పాత ఇల్లు అటే ఉండేదట. ఇల్లు మారిన సంగతి చేతికింకా తెలియదు." టైలరక్క ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"తప్పు పాతదేనమ్మా, కారణాలే కొత్తవి. ఆ మాట పూర్తిగా చెప్పేవాణ్ణి కాదు. మొదటి పేజీ చూడండి."

మొదటి పేజీలో మొదటి గీత: "నేను. చివరి కొటేషన్ మరిచాను. మా మాస్టారు అందరికీ చూపించి నవ్వించారు. వారం రోజులు క్లాసుకు వెళ్ళలేదు." అంతే ఉంది.

"ఇప్పుడు ఆఖరి పేజీ తీసి నేను చెప్పింది రాయండి" అన్నారు మాస్టారు. "కొత్త తప్పు. చేసింది నేను. మెచ్చుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను. నీలాంటివాళ్ళెవరూ లేరని చెబితే మనిషి ఒంటరైపోతుందని తట్టలేదు. ఒక్క గీత గీయండి. ఇది మాత్రం, ఒట్టు, ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ చూళ్ళేదమ్మా."

టైలరక్క రాసింది. గీత గీసింది. పెన్సిల్ కింద పెట్టి, "పరీక్ష ఎన్నింటికండీ?" అని అడిగింది.

శుక్రవారం భర్త తన బస్సులోనే ఎక్కించుకుని, "ఇవాళ కుడికే తిప్పుతాలే, భయపడకు" అన్నాడు. ఆ ఆఫీసులో కొలతలు తీసుకునే ప్రోగ్రాం ఒకటి ఇచ్చి గంటలో తప్పులు పట్టమన్నారు. టైలరక్క కళ్ళు మూసుకోకుండా నొక్కింది. ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం అని కొలతలిచ్చింది. ప్రోగ్రాం ఆగిపోయింది. ఛాతీ కంటే పొట్ట పెద్దదని ఇచ్చింది. మళ్ళీ ఆగిపోయింది. ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి అంది. తెరంతా ఎర్రబడింది.

"ఇలాంటి కొలతలు ఎవరికుంటాయండీ?" అన్నాడు ప్రోగ్రాం రాసినాయన.

"మనుషులకుంటాయండీ" అంది టైలరక్క. "అచ్చం బొమ్మలా ఉన్నవాళ్ళనే నేను పదకొండేళ్ళలో చూళ్ళేదు."

వాళ్ళకు తెలిసిన తప్పులు పన్నెండు. ఆవిడ పట్టినవి పంతొమ్మిది. ఆఖర్న మీరు చేసిన తప్పేదైనా చెప్పమన్నారు. బయట కూర్చున్నవాళ్ళంతా "నేను మరీ ఎక్కువ కష్టపడతానండీ" అనే జవాబును వల్లెవేస్తున్నారు. టైలరక్క, "ఏది చెప్పమంటారు? నలభై ఆరున్నాయి" అని మొదలుపెట్టి, కారణాలతో సహా చెప్పుకుపోయింది. పదో తప్పు దగ్గర వాళ్ళే నవ్వుతూ చాలన్నారు.

ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి మెట్లెక్కి వెళ్ళేసరికి మాస్టారు పోస్ట్‌మాన్ బాబాయికి ఏదో చెబుతూ, కట్టు కట్టిన ఆ కుడిచేత్తోనే నిండు టీ గ్లాసు సునాయాసంగా ఎత్తి తాగుతున్నారు. ఆవిడను చూసి గబుక్కున చేయి మార్చారు. ఆవిడ చూడనట్టే ఊరుకుంది.

ఏడాది తిరిగేసరికి టైలరక్క విభాగంలోకి ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన ఒకాయన కొత్తగా చేరాడు. అంతకుముందు గోదాములో మూటలు లెక్కపెట్టేవాడు. రెండో రోజే ఆయన తెర మొత్తం ఎర్రబడింది. ఆయన మొహం తెల్లబడింది. కుర్చీ వెనక్కి జరిపి లేవబోయాడు.

టైలరక్క వంగి చూసింది. ఒకటి ఎక్కువ. లోకంలో ఇంతకంటే పాత తప్పు లేదు.

"ఆగండాగండి! ముట్టుకోకండి! ఇలాంటిది నేను చూళ్ళేదండీ! ఒకటెందుకు ఎక్కువ పెట్టారు?"

"దారిలో ఒక మూట ఎప్పుడూ చిరిగేదండీ" అన్నాడాయన భయపడుతూనే.

ఆవిడ సొరుగులోంచి ఒక పొడుగు పుస్తకం తీసి, ఎడమచేయి అడ్డం పెట్టుకుని గీత గీసింది. పక్కన కారణం రాసింది. ఆయన కూర్చుని ఊపిరి పీల్చుకునేదాకా ఆగింది. అప్పుడు అడ్డం పెట్టిన చెయ్యి తీసేసి, పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"ఇన్ని గీతలేంటండీ?" అన్నాడాయన.

"మీకంటే ముందొచ్చినవాళ్ళు. ఆ మొదటిది నేను. కూర్చోండి, టీ తెప్పిస్తాను, కాఫీ వస్తే మాత్రం వెంటనే నాకు చెప్పండి."